కృష్ణ మీద గర్డర్లు నిలిచాయి, వాగుల్లో పట్టాలు కొట్టుకుపోయాయి

ముంబై నుంచి చెన్నై వైపు వెళ్లే రైలు యాదగిరి, సైదాపూర్ దాటాక కాసేపు తెలంగాణలోకి వస్తుంది. నారాయణపేట జిల్లాలోని కృష్ణా స్టేషన్ దాటగానే నది ఎదురవుతుంది. అవతలి గట్టు రాయచూరు జిల్లా. భీమాను కలుపుకొని వెడల్పయిన కృష్ణను ఇక్కడ రైలు దాటడం మొదలై ఒకటిన్నర శతాబ్దం గడిచింది. బొంబాయి వైపు నుంచి గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు వైపు నుంచి మద్రాసు రైల్వే పట్టాలు పరుచుకుంటూ వచ్చి 1871లో రాయచూరులో కలుసుకున్నాయి. వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు మార్గం తెరుచుకున్నది 1874లో. అంటే హైదరాబాద్ రాజధాని కంటే మూడేళ్లు ముందే పాలమూరు అంచున కృష్ణ మీద రైలు కూత వినిపించింది. అదే రేవులో రోడ్డు మీద నది దాటాల్సినవాళ్లు మాత్రం ఇంకో 70 ఏళ్లు పడవలనూ పుట్టిలనూ నమ్ముకున్నారు. నిజాం ప్రభుత్వం 35 కమానుల రోడ్డు వంతెన పూర్తి చేసేసరికి 1943 వచ్చింది.

దక్షిణ తెలంగాణలో రైలు పెద్ద నదిని దాటే చోట్లు మరికొన్ని ఉన్నాయి. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ మీదుగా దక్షిణానికి దిగే మార్గం వనపర్తి రోడ్, శ్రీరాంనగర్ దాటి జూరాలకు దిగువన కృష్ణను దాటి గద్వాల చేరుతుంది. అక్కడి నుంచి కృష్ణ, తుంగభద్రల మధ్య నేల అయిన నడిగడ్డ పొడవునా సాగి, అలంపూర్ రోడ్ తర్వాత తుంగభద్రను దాటి కర్నూలులో అడుగుపెడుతుంది. నల్లగొండ వైపు బీబీనగర్ నుంచి గుంటూరు వెళ్లే మార్గం విష్ణుపురం దాటాక పొందుగల దగ్గర కృష్ణ మీదుగా పోతుంది. వీటిలో ఏ వంతెన మీదికి రైలు వచ్చినా డబ్బాలో కబుర్లు ఆగిపోతాయి. కిటికీల దగ్గర జనం చేరతారు, కొందరు నదిలోకి చిల్లర విసిరి దండం పెట్టుకుంటారు. కింద అంత నీళ్లు, పైన ఇంత ఇనుము. వంతెన విరిగితే ఏమవుతుందన్న ఆలోచన ఒక్కసారైనా రానివాళ్లు అరుదు.

ఈ ప్రాంతపు రైల్వే చరిత్ర చూస్తే ఆ భయం పెట్టుకోవాల్సిన చోటు వేరే ఉందని తెలుస్తుంది. ఇక్కడ వందలమందిని పొట్టనపెట్టుకున్నది పెద్ద నది మీది వంతెన ఏదీ కాదు. 1954 సెప్టెంబరులో జనగామ సమీపంలో వాగు మీది వంతెన కూలి రైలు నీళ్లలో పడింది, 100 మందికి పైగా పోయారు. 1956 సెప్టెంబరు 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వరదకు దెబ్బతిన్న వంతెన రైలు కింద కుప్పకూలింది, మళ్లీ 100 మందికి పైగా. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున, రేపల్లె నుంచి సికింద్రాబాద్ వస్తున్న డెల్టా ఫాస్ట్ ప్యాసింజర్ నల్లగొండ జిల్లా వలిగొండ దగ్గర, వరద మింగేసిన చిన్న వంతెన మీదికి వచ్చింది. ఆ రోజూ మృతుల సంఖ్య 100 దాటింది. మూడుచోట్లా అపరాధి పెద్ద నది కాదు. ఎండాకాలం గొర్రెలు దాటిపోయే వాగులూ వంకలూ.

జడ్చర్ల ప్రమాదం దేశ రాజకీయాల్లోనూ గుర్తుండిపోయింది. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చారు, నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరులో తమిళనాడులోని అరియలూరు దగ్గర మరో వంతెన కొట్టుకుపోయి రైలు పడ్డాక శాస్త్రి మళ్లీ రాజీనామా చేశారు, ఈసారి ఆమోదం పొందింది. నైతిక బాధ్యత గురించి మాట్లాడేటప్పుడల్లా నాయకులు అరియలూరును తలుచుకుంటారు. మొదటి రాజీనామా పాలమూరు మృతుల కోసమన్నది పాలమూరులోనే చాలామందికి తెలియదు. ఆనాటికి మహబూబ్‌నగర్ ఇంకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. రెండు నెలల్లో రాష్ట్రమే మారిపోయింది, ఆ హడావుడిలో ఈ విషాదం కూడా ఎక్కడో కలిసిపోయింది.

ఇనుప గర్డర్లతో, అంటే స్తంభం నుంచి స్తంభానికి వేసే పొడవాటి దూలాలతో, పెద్ద నదిని దాటిన వంతెనలు ఎందుకు నిలబడ్డాయి, వాటితో పోలిస్తే పసిపిల్లల్లాంటి వంతెనలు ఎందుకు కూలాయి అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. వయసు కారణం కాదు. బీబీనగర్ నుంచి గుంటూరు దాకా మార్గం పూర్తిగా రూపుదిద్దుకున్నది 1980లలో. వలిగొండ దగ్గర పోయిన వంతెన ఆ లెక్కన రెండు మూడు దశాబ్దాల నాటిదే. రాజమండ్రిలో 1900లో తెరిచిన హేవలాక్ వంతెన మీద మాత్రం 1997 దాకా రైళ్లు నడిచాయి.

నది అడుగున ఏముంది

పెద్ద నది మీద వంతెన కట్టే ఇంజినీరు ముందు చూసేది నది అడుగు. ఈ విషయంలో పాలమూరు కృష్ణకూ, కోస్తాలోని గోదావరికీ పోలిక లేదు. రాజమండ్రి దగ్గర గోదావరి ఇసుక మీద పారుతుంది. ఎంత తవ్వినా ఇసుకే. అక్కడ స్తంభం నిలబెట్టాలంటే బావి దించాలి. గుండ్రటి ఇనుప అంచు మీద రాతి గోడ కట్టి, లోపలి ఇసుకను తోడుతూ పోతే ఆ గోడ తన బరువుకు తానే కిందికి దిగుతుంది. దిగిన కొద్దీ పైన మళ్లీ గోడ కడతారు. గట్టి నేల తగిలేదాకా ఇదే పని. ఒకవైపు ఒరిగితే సరిచేయడం ఒక యజ్ఞం. హేవలాక్ వంతెనకు 56 కానాలు (రెండు స్తంభాల మధ్య ఖాళీలు), ఒక్కోటీ 150 అడుగులు. అంటే అన్ని స్తంభాలకూ ఈ కష్టం పడాలి. 1897 నవంబరులో మొదలుపెట్టి 1900 ఆగస్టుకు రైలు నడిపారంటే ఆ కూలీల శ్రమకు, వాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేకపోయినా, చేతులెత్తి మొక్కాలి.

పాలమూరులో కృష్ణ రాళ్ల మీద పారుతుంది. వేసవిలో నీరు తగ్గినప్పుడు కృష్ణా మండలం దగ్గరో, జూరాల దిగువనో నదిలోకి దిగితే కళ్లకు కనిపించేది నల్లటి, బూడిదరంగు బండలు, వాటి సందుల్లో మడుగులు. స్తంభం కట్టే చోట చుట్టూ అడ్డుకట్ట వేసి, నీళ్లు తోడి, బండను మెట్లుగా చెక్కి, దాని మీదే రాతి కట్టడం లేపడం ఇలాంటి నేల మీద కుదిరే పద్ధతి. ఇసుకలో బావి దించడంతో పోలిస్తే ఇది తొందరగా తేలే పని. అసలు లాభం కట్టాక తెలుస్తుంది.

వరదలో స్తంభం చుట్టూ నీరు సుడి తిరుగుతుంది. ఆ సుడి అడుగున ఉన్న మట్టినీ ఇసుకనూ తోడేస్తుంది. నీరు తగ్గేటప్పుడు ఆ గొయ్యి మళ్లీ పూడిపోతుంది కాబట్టి ఎండాకాలంలో వెళ్లి చూసినవాడికి ఏమీ తెలియదు. రైల్వే వంతెనలు కూలిన చోట్ల ఎక్కువసార్లు మూలకారణం ఈ కోతే. పైనున్న ఇనుము చెక్కుచెదరకుండానే ఉంటుంది, కింది పునాది జారిపోతుంది. బండ మీద నిలబడ్డ స్తంభానికి ఈ గండం దాదాపు లేదు. వరదకు వెనక్కి తగ్గకుండా నిలిచిన కీర్తి గర్డర్లకు దక్కుతోంది గానీ, అందులో సగం పాలమూరు బండలకు చెందాలి.

ఇనుము, ఉక్కు, రివెట్టు

1871లో వంతెనలకు వాడుకలో ఉన్నది ఉక్కు కాదు, చేత ఇనుము. బ్రిటన్‌లోనే వంతెనలకు ఉక్కు వాడటానికి ప్రభుత్వ అనుమతి దొరికింది 1877లో. 1890 నాటికి స్కాట్లాండ్‌లోని ఫోర్త్ వంతెనతో ఉక్కు తన సత్తా చూపించింది. ఆ కాలం నుంచి మన దేశంలోనూ పెద్ద వంతెనలు ఉక్కుకు మారుతూ వచ్చాయి. పాత మార్గాల్లో ఇనుప గర్డర్ల స్థానంలో ఉక్కు గర్డర్లు రావడానికి ఇంకో కారణం ఇంజిన్ల బరువు. తొలినాటి ఆవిరి ఇంజిన్ కోసం లెక్కవేసిన గర్డర్ మీద తర్వాతి తరం ఇంజిన్ వెళ్లలేదు. రాతి స్తంభాలు అవే ఉంచి పైభాగం మార్చుకోవచ్చు. ఉక్కు వంతెనకున్న పెద్ద సౌలభ్యం ఇదే.

ఆ ఉక్కు ఓడలెక్కి బ్రిటన్ నుంచి రావాల్సి వచ్చింది. ఒకప్పుడు కత్తుల ఉక్కును పశ్చిమాసియా దాకా పంపిన కోనసముద్రం ఉన్నది తెలంగాణలోనే. వలస పాలన నాటికి ఆ కొలిములు ఆరిపోయాయి. జంషెడ్‌పూర్‌లో టాటా కర్మాగారం మొదటిసారి ఉక్కు పోసింది 1912లో. అంతదాకా ఈ దేశపు నదుల మీద పడిన ప్రతి గర్డరూ సముద్రం దాటి వచ్చినట్టే లెక్క.

గర్డర్ పనిచేసే తీరు సూటిగా ఉంటుంది. రైలు బరువుకు గర్డర్ పిసరంత కిందికి వంగుతుంది. వంగినప్పుడు పై అంచు నలుగుతుంది, కింది అంచు సాగుతుంది. మధ్యలో ఏటవాలుగా, నిలువుగా ఉన్న కడ్డీలు ఆ బరువును పంచుకుంటూ స్తంభాల దాకా మోసుకుపోతాయి. రాయి నలిగినా ఓర్చుకుంటుంది, సాగదీస్తే పగులుతుంది. అందుకే రాతి వంతెన కమానుగా కట్టాలి, కమాను వెడల్పు పెరిగితే ఎత్తూ పెరగాలి. ఉక్కు రెండింటినీ తట్టుకుంటుంది. కాబట్టి తక్కువ స్తంభాలతో, నీటికి ఎక్కువ దారి వదిలి నదిని దాటవచ్చు. వరద నదికి కావాల్సింది ఆ దారే.

ముక్కలన్నీ కలిపి ఉంచేది రివెట్టు. ఎర్రగా కాల్చిన రివెట్టును రెండు రేకుల బెజ్జాల్లో దూర్చి, అవతలి కొసను సమ్మెటతో కొట్టి తల చేస్తారు. చల్లారేటప్పుడు అది కుంచించుకుపోయి రేకులను బిగించి పట్టుకుంటుంది. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా కాల్చి తొడిగే వడ్రంగికి ఈ రహస్యం ఎప్పటి నుంచో తెలుసు. ఏళ్ల తరబడి రైళ్ల అదురుకు కొన్ని రివెట్లు వదులవుతాయి. వాటిని పట్టుకునే పద్ధతి ఇవాళ్టికీ పాతదే. తనిఖీకి వచ్చినవాడు రివెట్టు తలకు ఒక పక్క వేలు ఆనించి, రెండో పక్క చిన్న సుత్తితో తడతాడు. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది. వదులైనది బోలుగా మోగుతుంది, వేలికి అదురు తగులుతుంది. దాని చుట్టూ రంగు పగిలి, సన్నటి తుప్పు చార కారి ఉంటుంది. అలాంటివాటి పక్కన సుద్దతో గుర్తు పెట్టి లెక్క రాసుకుంటారు.

ఎండ కూడా ఒక బరువే. పాలమూరు ఎండకు ఇనుము చలికాలపు తెల్లవారుజాముకంటే 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకుంటే, 150 అడుగుల ఉక్కు గర్డర్ రెండు సెంటీమీటర్లకు పైగా సాగుతుంది. రెండు కొసలూ బిగించేస్తే ఆ ఒత్తిడి స్తంభం తలను పగలగొడుతుంది. అందుకని ఒక కొస కదలకుండా, రెండో కొస రోలర్ల మీదో జారే పలకల మీదో ఉంటుంది. అక్కడ దుమ్ము పేరుకున్నా, గ్రీజు ఎండినా గర్డర్ బిగుసుకుపోతుంది. చెక్క స్లీపర్లు కూర్చునే చోట నీరు నిలిచి రేకు లోలోపల తుప్పు పడుతుంది. కంటికి ఆనని ఈ చోట్లనే జాగ్రత్తగా చూడాలి, చూస్తారు కూడా. పెద్ద వంతెనకు తనిఖీ రిజిస్టరు ఉంటుంది, ఏ ఏడాది ఎవరు చూశారో, ఏం రాశారో అందులో ఉంటుంది. స్తంభాల మీద గరిష్ఠ వరద మట్టం, ప్రమాద మట్టం గీతలు గీసి ఉంటాయి. నీరు ఆ గీతకు చేరితే రైలు ఆగాలి.

ముందస్తు కబురు విషయంలోనూ పెద్ద నది నయం. కృష్ణకు వరద చెప్పి వస్తుంది. ఆల్మట్టి గేట్లు ఎత్తారంటే నారాయణపూర్‌లో తెలుస్తుంది, నారాయణపూర్ వదిలిన నీరు జూరాల చేరడానికి గంటల తరబడి పడుతుంది. వానాకాలంలో పాలమూరు పేపర్లలో జూరాల ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో అంకెలు రోజూ అచ్చవుతాయి. 2009 అక్టోబరు తొలినాళ్లలో కర్నూలు, అలంపూర్ మునిగినప్పుడు శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు మించి వరద వచ్చింది. 19 లక్షల క్యూసెక్కులకు కట్టిన ఆనకట్ట అది. అంత భీకరమైన వరదయినా, పెద్ద నదిలో కబురు నీటికంటే ముందు నడవగలదు. వాగుకు అలాంటి కబురు మోసేవాళ్లు లేరు.

వాగు లెక్క వేరు

రైల్వేలు వంతెనలను నీటిదారి వెడల్పును బట్టి వర్గాలుగా విడదీస్తాయి. నీటిదారి 300 మీటర్లు లేదా మొత్తం వైశాల్యం 1000 చదరపు మీటర్లు దాటితే ముఖ్యమైన వంతెన. నీటిదారి 18 మీటర్లు లేదా ఒక్క కానా అయినా 12 మీటర్లు ఉంటే పెద్ద వంతెన. మిగిలినవన్నీ చిన్నవి. రైలు మార్గంలో లెక్కకు ఎక్కువగా ఉండేవి ఈ చిన్నవే. తూములు, మోరీలు, రెండు మూడు కానాల వంతెనలు. ప్రయాణికుడికి అవి దాటినట్టు కూడా తెలియదు. తనిఖీ వీటికీ ఉంది, కానీ తనిఖీ చేసేది కట్టడాన్ని. కట్టడం బాగానే ఉంటుంది. గండం పైన, కిలోమీటరో రెండు కిలోమీటర్లో దూరంలో, చెరువు కట్టలో ఉంటుంది.

దక్షిణ తెలంగాణ నేల ఏటవాలు, మట్టి పలుచన, కింద బండ. వాన పడితే ఇంకేది తక్కువ, పారేది ఎక్కువ. ఆ పారే నీటిని పట్టడానికే కాకతీయుల కాలం నుంచీ, అంతకుముందు నుంచీ గొలుసుకట్టు చెరువులు వచ్చాయి. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువులో పడతాయి, అది నిండితే ఇంకో దానిలోకి. కరువు నేలకు ఇంతకన్నా తెలివైన ఏర్పాటు లేదు. కానీ ఆ గొలుసులో ఒక కట్ట తెగితే ఆ నీళ్లన్నీ కింది చెరువు మీద ఒక్కసారిగా పడతాయి. అదీ తెగుతుంది. ఒకదాని తర్వాత ఒకటి తెగుతూ వచ్చిన నీటికి, వానను బట్టి వేసిన లెక్కకు సంబంధం ఉండదు.

అంకెల్లో చూస్తే తేడా ఇంకా స్పష్టం. ఒక మామూలు ఊరి చెరువు కట్టకు 20 మీటర్ల వెడల్పున గండి పడిందనుకుందాం. గండి దగ్గర నీటి లోతు 3 మీటర్లు. ఇంజినీర్లు వాడే సాధారణ సూత్రం ప్రకారం ఆ గండిలోంచి సెకనుకు సుమారు 175 ఘనపు మీటర్ల నీరు దూకుతుంది. అంటే 6,000 క్యూసెక్కులకు పైనే. కింద రైలు కట్టలో 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న వంతెన ఉంటే, నీరు సెకనుకు 3 మీటర్ల వేగంతో పరుగెత్తినా దాని గుండా వెళ్లేది 54 ఘనపు మీటర్లు. మూడింట రెండొంతుల నీటికి దారి లేదు. ఆ నీరు రైలు కట్టకు ఆనుకొని నిలుస్తుంది, పెరుగుతుంది, కట్ట మీంచి పొర్లుతుంది. మట్టి కట్ట మీంచి నీరు పొర్లడం మొదలైతే ఎంతో సేపు ఆగదు. చెరువు కట్టకు పట్టిన గతే రైలు కట్టకూ పడుతుంది. అసలు ఆ మైదానంలో రైలు కట్ట కూడా ఒక చెరువు కట్టేనన్న సంగతి, అలుగు లేని చెరువు కట్టన్న సంగతి, వరద వచ్చినప్పుడే తెలుస్తుంది.

ఆ తర్వాత జరిగేది మరీ భయంకరం. కింద మట్టి, రాళ్లు, వంతెన గోడ పోతాయి. పట్టాలు మాత్రం స్లీపర్లను మోసుకుంటూ గాల్లో వేలాడుతుంటాయి. పట్టా విరగలేదు కాబట్టి పట్టాల్లో పారే విద్యుత్తును చూసి పనిచేసే సిగ్నల్‌కు తేడా తెలియదు. అది పచ్చదీపమే చూపిస్తుంది. రాత్రిపూట, వానలో, ఇంజిన్ వెలుతురులో లోకో పైలట్‌కు కనిపించేది వరసగా మెరుస్తున్న రెండు పట్టాలు. దగ్గరికి వచ్చాక నీరు కనిపించినా, వేగంలో ఉన్న ప్యాసింజర్ రైలు ఆగాలంటే వందల మీటర్లు కావాలి. వలిగొండ దుర్ఘటన తెల్లవారుజామున జరిగింది. బండిలో ఎక్కువమంది నిద్రలో ఉండే వేళ.

దీనికి రైల్వేలో జవాబు లేకపోలేదు. వానాకాలం రాత్రుళ్లు లాంతరు, విజిల్, డిటోనేటర్లు (పట్టా మీద పెడితే చక్రం కింద పేలి డ్రైవరును హెచ్చరించేవి) పట్టుకొని రెండు స్టేషన్ల మధ్య పట్టాల వెంట నడిచే పెట్రోల్‌మన్ ఉన్నాడు. ముప్పున్న వంతెనల దగ్గర రాత్రంతా కాపలా ఉండే వాచ్‌మన్ ఉన్నాడు. వాన కుండపోతగా పడుతున్నా, చుట్టూ చీకటి కమ్మినా, పాములు తిరుగుతున్నా ఆ మనిషి నడవాల్సిందే. ఇన్ని సాంకేతికతలు వచ్చాక కూడా గాల్లో వేలాడే పట్టాను కనిపెట్టగల నమ్మకమైన సాధనం ఆ మనిషి కన్నే. ఈ ఉద్యోగాలు ఖాళీగా ఉంచడం అంటే వంతెనకు స్తంభం తీసేయడంతో సమానమని గట్టిగా చెప్పాలి. అయినా ఒక పెట్రోల్‌మన్ ఒక చోటు దాటి వెళ్లాక అర్ధగంట తర్వాత ఎగువన చెరువు తెగితే అతడూ ఏం చేయలేడు.

అందుకే రైల్వే దగ్గర ఇంకో జాబితా ఉంటుంది. తెగితే పట్టాలను ముంచగల చెరువుల జాబితా అది. రైల్వే అఫెక్టింగ్ ట్యాంక్స్ అంటారు. ఏటా వానలకు ముందు రైల్వే ఇంజినీర్లు, రాష్ట్ర అధికారులు కలిసి ఆ కట్టలను చూడాలన్నది నియమం. ఆలోచన సరైనదే. చిక్కు ఎక్కడంటే చెరువు రాష్ట్రానిది, పట్టా కేంద్రానిది. రైల్వే ఇంజినీరు కట్ట బలహీనంగా ఉందని రాయగలడు, ఒక తట్ట మట్టి కూడా పోయలేడు. నీటిపారుదల ఇంజినీరుకు తన కింద వందల చెరువులున్నాయి, ఆయకట్టు పెద్దదైతే ముందు దాన్ని చూస్తాడు. పది ఎకరాల ఆయకట్టు కూడా లేని చిన్న కుంట అతడి వరసలో చివరన ఉంటుంది. రైలుకు మాత్రం ఆ కుంటే మొదటి శత్రువు కావచ్చు. ఊళ్లో ఏ చెరువు ఆ జాబితాలో ఉందో పంచాయతీ సర్పంచుకు కూడా తెలియకపోవడం అన్నిటికన్నా పెద్ద లోపం. రాత్రి రెండింటికి కట్ట జారుతోందని మొదట చూసేది చెరువు నీటిని కనిపెట్టుకునే ఊరి నీరటిమనిషో, పొలం కాపలాకు వెళ్లిన రైతో. ఆ మనిషి చేతిలో ఫోన్ ఉంది. ఏ నంబరుకు కొట్టాలో మాత్రం చెరువు కట్ట మీద బోర్డు పెట్టి పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి.

గత పదేళ్లలో ఈ లెక్కలో ఒక కొత్త అంశం చేరింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసి, కట్టలు బలపరిచి చాలా చెరువులకు ప్రాణం పోశారు. అది మేలు. దాంతోపాటు కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల నీళ్లు పాలమూరు చెరువుల్లోకి, ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువ నీళ్లు నల్లగొండ చెరువుల్లోకి వస్తున్నాయి. వలసల జిల్లాగా పేరుపడిన పాలమూరుకు ఇది ఎన్ని తరాల కలో చెప్పనక్కర్లేదు. కానీ వంతెన లెక్క వేసినవాళ్ల కాలంలో చెరువు వానాకాలం మొదట్లో ఎండి ఉండేది. తొలి పెద్ద వానలను అదే మింగేది, అలుగు పారేది ఆగస్టు తర్వాతే. ఇప్పుడు కాలువ నీటితో ముందే నిండి ఉన్న చెరువు మీద పెద్ద వాన పడితే మింగడానికి చోటు లేదు, ఆ నీరంతా నేరుగా అలుగెక్కుతుంది. చెరువు నిండుగా ఉండే రోజులు పెరిగాయి, కట్ట మీద ఒత్తిడి ఉండే రోజులూ పెరిగాయి. వాన లెక్కలు కూడా మారుతున్నాయి, ఒక్క రాత్రిలో నెల వాన పడుతున్న ఘటనలు కొత్తేమీ కాదు.

కాబట్టి పాత లెక్కతో కట్టిన ప్రతి చిన్న వంతెనకూ ఇప్పుడున్న చెరువుతో, కాలువతో కొత్త లెక్క వేయాలి. రైలు కట్టల కింద నీటిదారులు పెంచడం అసాధ్యమైన పని కాదు. ముందే పోసిన కాంక్రీటు పెట్టెలను పట్టాల కిందికి నెట్టి కొన్ని గంటల విరామంలో కొత్త కానా తెరిచే పద్ధతి రైల్వేకు బాగా అలవాటే. మహబూబ్‌నగర్ మార్గాన్ని 1990లలో మీటర్ గేజ్ నుంచి బ్రాడ్ గేజ్‌కు మార్చినప్పుడు, 1000 మిల్లీమీటర్ల పట్టాల నుంచి 1676 మిల్లీమీటర్ల పట్టాలకు వెళ్లినప్పుడు, మోసే బరువు లెక్క మొత్తం తిరగరాయాల్సి వచ్చింది. బరువుకు చేసిన ఆ పని నీటికీ చేయాలి. దేవరకద్ర నుంచి వచ్చిన కొత్త మార్గంలో జక్లేర్, కృష్ణా మధ్య 2023 అక్టోబరులో రైలు మొదలైంది. నారాయణపేట జనానికి దశాబ్దాల నిరీక్షణ తీరింది. ఆ మార్గం చివరికి చేరేది 1871 నాటి ఆ పాత మార్గంలోని కృష్ణా స్టేషన్‌కే. ఈ కొత్త పట్టాల కింది మోరీల్లో దేనికి పైన ఏ చెరువుందో, ఆ చెరువులోకి ఏ ఎత్తిపోతల కాలువ పడుతోందో ఊరూరా రాసిపెట్టిన పటం ఒకటి స్టేషన్ మాస్టరు గదిలోనూ, పంచాయతీ ఆఫీసులోనూ ఒకేలా ఉండాలి. నీరటికి స్టేషన్ నంబరు తెలియాలి, స్టేషన్‌కు నీరటి నంబరు తెలియాలి. దీనికి కావాల్సింది ఉక్కూ కాదు, కోట్లూ కాదు. వానలకు ముందు రెండు శాఖలవాళ్లు ఒకే జీపులో కట్టల మీద తిరగడం చాలు.